ఆ పిల్ల బండెక్కీసుంటాది!

స్వీడన్ దీవిలో మాయమైన అమ్మాయి కథను ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో తెలుగువాళ్ళు చూశారు. హంతకుడెవరో తెలిశాకే అసలు తగువు మొదలైంది.

దీవికి ఒకటే వంతెన. ఆ రోజు వంతెన మీద ఒక ట్యాంకరు, ఒక కారు ఢీకొని దారి మూసుకుపోయింది. ఊరు ఊరంతా అక్కడే మూగింది. గొడవ సద్దుమణిగాక చూసుకుంటే పదహారేళ్ళ హారియెట్ వాంగెర్ లేదు. శవం లేదు, చీటీ ముక్క కూడా లేదు. అది 1966. బయటికి దారే లేనప్పుడు పిల్ల ఎటు పోతుంది? ఎవరో చంపేశారు, ఆ చంపినవాడు మా ఇంటివాడే అని ఆమె చినతాత హెన్రిక్ తేల్చుకున్నాడు. దాదాపు నలభై ఏళ్ళు ఆ లెక్క దగ్గరే కూర్చుండిపోయాడు.

ఖరగ్‌పూర్‌లో మథురాకాటి వైపు ఒక రైల్వే క్వార్టర్లో ఈ ఘట్టం నడుస్తోంది. కాలేజీ చదివే మనవడు ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు చూసి తెలుగులో చెబుతున్నాడు. రిటైరైన గార్డు, ఆ ఇంటి పెద్దాయన, చెయ్యెత్తి సినిమా ఆపించారు.

"ఏటిరా అంతలాగ ఎతుకుతున్నారు? ఆ పిల్ల బండెక్కీసుంటాది."

"తాతా, అది దీవి. అక్కడ బండి లేదు."

"బండి నేకపోతే కారు. తోవ మూసింది ఒక్క రోజేగదా. మర్నాడు ఎవులో కార్లో దాసి తీసుకుపోయుంటారు."

అందరూ నవ్వారు. చివరికి జరిగింది అచ్చంగా అదే. దారి తెరిచాక వరసకు మేనత్త అయ్యే అనిత హారియెట్‌ను కార్లో దాచి వంతెన దాటించింది. పిల్ల ఆస్ట్రేలియాలో తేలింది. కథ ముగింపు చెప్పేశానని కోపం వద్దు. నవల 2005లోనూ, సినిమా 2009లోనూ వచ్చాయి. ఇంకా దాచిపెట్టడానికి అదేమీ కొత్త బొమ్మ కాదు. అదీగాక ఈ సినిమా చూసిన ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళు ఎవరు చేశారన్న దాని గురించి పెద్దగా వాదించుకోలేదు కూడా.

సినిమా 'ది గర్ల్ విత్ ద డ్రాగన్ టాటూ'. అయితే హాలీవుడ్ వాళ్ళది కాదు, అంతకు రెండేళ్ళ ముందు స్వీడిష్ భాషలో వచ్చింది. దర్శకుడు నీల్స్ ఆర్డెన్ ఓప్లెవ్, డెన్మార్క్ మనిషి. నిడివి రెండున్నర గంటల పైచిలుకు. పరువునష్టం కేసులో ఓడిపోయిన పత్రికా రచయిత మికాయెల్ బ్లూమ్‌క్విస్ట్‌గా మైకేల్ నిక్విస్ట్ నటించాడు. ఒంటి నిండా పచ్చబొట్లు, ముక్కుకీ చెవులకీ రింగులు, ఎవరి కంప్యూటర్లోకైనా చొరబడగల లిస్బెత్ శాలండెర్‌గా నూమీ రాపాస్ నటించింది. పాత్ర కోసం ఆమె నెలల తరబడి కిక్‌బాక్సింగ్ నేర్చుకుంది, బైకు లైసెన్సు తీసుకుంది. ఈ ఇద్దరూ కలిసి హారియెట్ ఏమైందో తవ్వుతారు. తవ్వేకొద్దీ హారియెట్ సంగతి ఒక్కటే కాదు, ఎందరో ఆడవాళ్ళ హత్యలు బయటపడతాయి.

మూల నవల రాసిన స్టీగ్ లార్సన్ పుస్తకం అచ్చు కాకముందే, 2004 నవంబరులో, యాభై ఏళ్ళకే గుండెపోటుతో పోయాడు. ఆయన వృత్తిరీత్యా నవలాకారుడు కాదు. స్వీడన్‌లో నాజీ భావాల ముఠాలు ఎక్కడెక్కడ తలెత్తుతున్నాయో వెతికి పట్టుకుని రాసే 'ఎక్స్‌పో' అనే పత్రికను 1995లో మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు. పగలు ఆ పని చేసి, రాత్రిళ్ళు నవలలు రాసుకున్నాడు. మొదటి నవలకు ఆయన పెట్టుకున్న పేరుకు అర్థం 'ఆడవాళ్ళను ద్వేషించే మగవాళ్ళు'. ఇంగ్లీషులోకి వచ్చేసరికి పచ్చబొట్టు మిగిలింది. వీలునామా చెల్లుబాటయ్యేలా రాయలేదు, ముప్ఫై ఏళ్ళు కలిసి బతికిన ఏవా గాబ్రియెల్సన్‌ను పెళ్ళి చేసుకోలేదు. దాంతో కోట్ల ప్రతులు అమ్ముడైన ఆ పుస్తకాల మీద హక్కు చట్టప్రకారం తండ్రికీ తమ్ముడికీ పోయింది. సినిమా కథ కన్నా ఈ సంగతి విన్నప్పుడే మథురాకాటి ఇంట్లో ఆడవాళ్ళు ఎక్కువ సేపు మాట్లాడుకున్నారు. ఫ్యామిలీ పెన్షను కాగితంలో ఎవరి పేరుందన్నది రైల్వే ఇళ్ళలో ఉత్తుత్తి విషయం కాదు.

గార్డుగారు ఊరికే అనలేదు ఆ మాట. ఖరగ్‌పూర్‌లో మనిషి కనబడకపోతే మొదట వెతికేది స్టేషన్లోనే. హౌరా వైపు, టాటానగర్ వైపు, మిద్నాపూర్ మీదుగా ఆద్రా వైపు, బాలాసోర్ మీదుగా మన వైపు, ఇలా నాలుగు దిక్కులకీ బండ్లున్నాయి. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న ప్లాట్‌ఫారం ఇక్కడిదే. పొడవు 1,072 మీటర్ల పైమాట. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాన్ని వెనక్కి నెట్టేశాయి. అయినా పాత గార్డులు ఆ బిరుదు వదులుకోరు. ఇలాంటి ఊళ్ళో పెరిగినవాడికి 'బయటికి దారిలేని దీవి' అన్న మాటే నమ్మశక్యంగా ఉండదు. డిటెక్టివ్ కథల్లో 'మూసిన గది' కిటుకు వందేళ్ళ పైబడినది. జంక్షన్‌లో బతికినవాళ్ళ దగ్గర మాత్రం అది పారదు.

అసలీ తెలుగువాళ్ళు ఇక్కడికొచ్చిందే బండెక్కి. కటక్ నుంచి బెజవాడ దాకా తీరం వెంబడి రైలు మార్గం 1890లలో పడింది. 1900 తర్వాత వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికొచ్చింది. ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాప్ లేచింది. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం పల్లెల నుంచి మనుషులు అదే పట్టా పట్టుకుని పైకి వెళ్ళారు. ఫిట్టర్లయ్యారు, ఖలాసీలయ్యారు, ఫైర్‌మన్లయ్యారు. తర్వాతి రోజుల్లో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి కార్మిక నాయకుడిగా పేరు తెచ్చుకున్నది ఈ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల సమ్మెలతోనే. ఇప్పుడు మథురాకాటి, నింపురా, న్యూ సెటిల్‌మెంట్ వైపు నాలుగో తరం నడుస్తోంది. ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, గోల్ బజార్లో హిందీ, బళ్ళో బాంగ్లా, పరీక్షలకు ఇంగ్లీషు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చిందంటే అందులో ఈ ఊరి వాటా పెద్దది. అందువల్ల స్వీడిష్ సినిమా చూడ్డం వీళ్ళకు వింతేమీ కాలేదు. రాని భాషను పక్కవాడు చెబుతుంటే వింటూ పనిచేసుకుపోవడం వర్క్‌షాప్‌లో తాతల నాటి నుంచీ ఉన్నదే.

ఈ ఊరి తెలుగువాళ్ళకు నేరకథలు రెండు వైపుల నుంచి అందాయి. బెంగాలీ స్నేహితుల ఇళ్ళలో శరదిందు బందోపాధ్యాయ్ రాసిన బ్యోమకేశ్, సత్యజిత్ రాయ్ రాసిన ఫెలూదా. స్టేషన్ స్టాళ్ళలో స్వపన్ కుమార్ పేరుతో వచ్చే పలుచని చవక పుస్తకాలు. ఊరి నుంచి వచ్చే చుట్టాల సంచుల్లో కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, మధుబాబు షాడో, కాస్త తర్వాత యండమూరి. బ్యోమకేశ్‌ను రాయ్ 1967లో 'చిడియాఖానా'గా తీస్తే ఉత్తమ్ కుమార్ చేశాడు. తన సొంత నవల 'సోనార్ కెల్లా'ను ఆయనే 1974లో తీశాడు. అందులో కథ కొంత రైల్లోనే. మన వైపు యండమూరి నవలలు 'అభిలాష', 'ఛాలెంజ్' పేర్లతో చిరంజీవి సినిమాలయ్యాయి. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల 'చంటబ్బాయ్' 1986లో నవ్వుల డిటెక్టివ్‌ను ఇచ్చింది. వర్క్‌షాప్‌లో ఫిట్టరుగా చేసి దిగిపోయిన ఒకాయన వీటన్నిటినీ చదివారు, చూశారు. ఆయన మాట ఇది: యుగంధర్ కథైనా ఫెలూదా కథైనా ఆఖరి అధ్యాయంలో అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి దొంగను చూపిస్తే మనసు తేలికపడుతుంది. ఈ స్వీడన్ వాళ్ళ సినిమాలో దొంగ దొరికాక మనసు ఇంకా బరువెక్కింది.

ఆయన తన భాషలో చెప్పిన ఈ తేడా స్వీడన్ వాళ్ళు కోరి తెచ్చుకున్నదే. మాయ్ షోవాల్, పేర్ వాలో అనే జంట రచయితలు 1965 నుంచి 1975 దాకా మార్టిన్ బెక్ అనే పోలీసు అధికారితో పది నవలలు రాశారు. దొంగను పట్టుకోవడం ఒక సాకు. వాళ్ళు చూపించదలచుకున్నది తమ సంక్షేమ రాజ్యం పైపూత కింద ఏముందన్నది. వాటిలో ఒకదాన్ని బూ విడెర్‌బెరి 1976లో 'ద మ్యాన్ ఆన్ ద రూఫ్'గా తీశాడు. స్టాక్‌హోం నడిబొడ్డున ఇంటి కప్పెక్కి పోలీసులను కాల్చే మనిషి కథ అది. కాల్చేవాడి కన్నా, వాణ్ణి అక్కడిదాకా నెట్టిన పోలీసు వ్యవస్థ మీదే సినిమాకు కోపం ఎక్కువ. తర్వాత హెన్నింగ్ మాంకెల్ రాసిన వలాండెర్ కథలు, ఆ తర్వాత లార్సన్. మధ్యలో నిజం నేరం ఒకటి ఆ దేశాన్ని కుదిపేసింది. 1986 ఫిబ్రవరి 28 రాత్రి ప్రధాని ఊలోఫ్ పాల్మె భార్యతో కలిసి సినిమా చూసి, అంగరక్షకులు లేకుండా నడిచి ఇంటికి వెళ్తుంటే వీధిలో కాల్చి చంపారు. ముప్ఫై నాలుగేళ్ళు దర్యాప్తు చేసి, 2020 జూన్‌లో, ఎప్పుడో చనిపోయిన ఒకాయన పేరు చెప్పి కేసు మూసేశారు. లార్సన్ కూడా ఆ హత్య గురించి ఏళ్ళ తరబడి కాగితాలు పోగేశాడు. హెన్రిక్ గదిలోని పాత ఫొటోలు, అటకెక్కిన ఫైళ్ళు చూస్తే ఆ పోగు గుర్తుకు రాక మానదు.

ఫైళ్ళంటే ఇంకొకరి సంగతి చెప్పాలి. అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైన ఒకావిడకు సినిమా మొత్తంలో నచ్చిన భాగం ఎవరికీ గుర్తుండని భాగం. లిస్బెత్ వాంగెర్ కంపెనీ పాత రికార్డుల గదిలో కూర్చుని, ఏ హత్య ఏ ఊళ్ళో ఏ తేదీన జరిగిందో, ఆ తేదీన కంపెనీ పని మీద ఆ ఊరికి ఎవరు వెళ్ళారో రసీదులతో సరిచూస్తుంది. హారియెట్ తండ్రి గాట్‌ఫ్రీడ్ పేరు, ఆయన పోయాక ఆమె అన్న మార్టిన్ పేరు, ఒకటొకటే పడిపోతాయి. "టీఏ బిల్లుతో హంతకుణ్ణి పట్టుకున్న పిల్ల" అని ఆవిడ మురిసిపోయారు. తన సర్వీసులో ఎన్ని దొంగ టూర్లు పట్టుకున్నారో కూడా చెప్పారు. అది వేరే కథనానికి పనికొస్తుంది. మికాయెల్ చేసేదీ అలాంటి పనే. మాయమైన రోజు ఊళ్ళో జరిగిన ఊరేగింపులో తీసిన పాత ఫొటోల్లో హారియెట్ ఒక్కసారిగా ఎవరినో చూసి మొహం మార్చుకుంటుంది. ఆమె ఎవరిని చూసిందో తెలియాలంటే ఆమె వెనక నుంచి తీసిన ఫొటో కావాలి. ఆ ఫొటో తీసిన పర్యాటక జంట కోసం అతను ఊళ్ళు తిరుగుతాడు. తుపాకి లేదు, పరుగుపందెం లేదు. ఒక అమ్మాయి చూపు ఎటుందన్నదే సస్పెన్సు. ఈ మధ్య తెలుగులో వస్తున్న పోలీసు థ్రిల్లర్లలో నేపథ్య సంగీతం చేసే పనిని ఇక్కడ నాలుగు నలుపు తెలుపు బొమ్మలు చేశాయి. నాకూ సినిమాలో బాగా నచ్చింది ఇదే.

అందరికీ నచ్చలేదు. కాలేజీ కుర్రాళ్ళకు మొదటి గంట సాగదీసినట్టనిపించింది. 'ఎవరు', 'హిట్' లాంటి సినిమాలకు అలవాటుపడ్డవాళ్ళు వీళ్ళు. పది నిమిషాలకో మెలిక పడకపోతే ఫోన్ తీస్తారు. వాళ్ళలో కొందరు డేవిడ్ ఫించర్ తీసిన హాలీవుడ్ వెర్షన్ ముందే చూసేశారు. ఐఐటీ హాస్టళ్ళలో హార్డ్‌డిస్కులు చేతులు మారిన రోజుల్లో అది ఊరంతా తిరిగింది. థియేటర్లో చూసే వీలు మాత్రం మన దేశంలో ఎవరికీ దొరకలేదు. 2012 ఫిబ్రవరిలో విడుదల కావలసి ఉండగా సెన్సార్ బోర్డు కొన్ని దృశ్యాలు తీసేయమంది. ఫించర్ ఒప్పుకోలేదు. సోనీ సంస్థ భారతదేశంలో విడుదల మానుకుంది. ఆ సినిమాకు ఎడిటింగులో ఆస్కార్ వచ్చింది. మనవాళ్ళు కత్తిరించమన్న సినిమాకే కత్తిరింపులో బహుమతి రావడం తమాషానే.

ఆ తీసేయమన్న దృశ్యాల దగ్గరికే ఖరగ్‌పూర్ ఇళ్ళలోనూ అసలు ఇబ్బంది వచ్చింది. లిస్బెత్ ఇరవై నాలుగేళ్ళ మనిషైనా కోర్టు ఆమెను సంరక్షకుడి కింద ఉంచింది. పాత సంరక్షకుడు మంచివాడు, పక్షవాతంతో మంచం పట్టాడు. కొత్తగా వచ్చిన లాయరు బ్యూర్మన్ ఆమె బ్యాంకు ఖాతా తన చేతిలో పెట్టుకున్నాడు. కంప్యూటరు కొనుక్కోవాలన్నా ఆమె అతణ్ణే అడగాలి. ఆ అడగడానికి అతను కట్టించుకున్న వెల, ఆ తర్వాత ఆమె తీర్చుకున్న పగ, రెండూ తెరమీద దాపరికం లేకుండా ఉంటాయి. మథురాకాటి ఇంట్లో పెద్దావిడ లేచి వంటగదిలోకి వెళ్ళిపోయారు. మనవడు ఆ భాగం దాటించేశాడు. ఇంకో ఇంట్లో మగవాళ్ళే ముందు లేచారు, ఆడవాళ్ళు కదల్లేదు.

కదలనివాళ్ళలో ఒకావిడ భర్త ఉద్యోగంలో ఉండగానే పోతే కారుణ్య నియామకంలో చేరారు. ఆవిడ చెప్పింది వినాల్సిందే. తనకు అంతటి దుర్మార్గం ఎదురు కాలేదు, దేవుడి దయ. కానీ మన డబ్బు మనకు రావడానికి ఒకడి సంతకం కావాలంటే, ఆ ఒకడి గది బయట బెంచీ మీద కూర్చోవడం ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు. "రేపు రామ్మా" అనే మాటను ఎన్ని రకాలుగా అనొచ్చో కూడా తెలుసు. సినిమాలో ఆ గది, ఆ బల్ల, బల్ల వెనక మనిషి నెమ్మదిగా మాట్లాడే తీరు సరిగ్గా ఉన్నాయన్నారు. ఆ తర్వాతిది చూపించకపోయినా తనకు అర్థమయ్యేదన్నారు. సెన్సార్ కావాలా వద్దా అన్న చర్చలో నేను విన్నవాటిలో ఇది అన్నిటికన్నా బరువైన మాట. ఆమెతో నేను సగమే ఏకీభవిస్తాను. చూపించకపోతే ఆవిడకు అర్థమవుతుంది, సరే. బెంచీ మీద ఎప్పుడూ కూర్చోని మగవాడికి అర్థం కాదేమో. ఓప్లెవ్ ఆ దృశ్యాన్ని చూడముచ్చటగా తీయకపోవడం అతని నిజాయితీ. ఎవరికీ కంటికింపుగా లేదు కాబట్టే మగవాళ్ళు లేచిపోయారు.

రెండు వెర్షన్లూ చూసినవాళ్ళ మధ్య పోలిక రాక తప్పదు. ఫించర్ సినిమా మెరుగ్గా తయారైన వస్తువు. మంచు తెల్లదనం కూడా అతని చేతిలో కోసేలా ఉంటుంది. స్వీడిష్ సినిమాలో అక్కడక్కడా టీవీ సీరియల్ వాసన వస్తుంది. నవలాత్రయంలోని తర్వాతి రెండు భాగాలు డానియెల్ ఆల్ఫ్రెడ్‌సన్ చేతికి వెళ్ళాక ఆ వాసన ఇంకా పెరిగింది. అయితే మొదటి భాగంలో ఓప్లెవ్ చేసిన ఒక చిన్న మార్పు ఆడ ప్రేక్షకులు వెంటనే పట్టేశారు. హారియెట్ డైరీలో కొన్ని పేర్లు, వాటి పక్కన అంకెలు ఉంటాయి. అందరూ ఫోన్ నంబర్లనుకున్నారు. అవి బైబిల్ వాక్యాల సంఖ్యలని నవలలో మికాయెల్‌కు తట్టేది అతని కూతురి వల్ల. స్వీడిష్ సినిమాలో కూతురే లేదు. మికాయెల్ కంప్యూటర్లోకి దొంగతనంగా తొంగిచూస్తున్న లిస్బెత్ తనే విప్పి, జవాబు అతనికి మెయిల్లో పంపిస్తుంది. తర్వాతే అతను ఆమె గుమ్మం తొక్కుతాడు. అతను పిలిస్తే ఆమె పనిలోకి రాలేదు, ఆమె జవాబు పంపాక అతనే వెతుక్కుంటూ వచ్చాడు.

మార్టిన్ చావు దగ్గర మూడు రూపాలూ మూడు దారులు పట్టాయి. నవలలో లిస్బెత్ బైకు మీద తరుముతుంటే అతనే ఎదురొచ్చే లారీకి కారు గుద్దేస్తాడు. ఫించర్ సినిమాలో ఆమె తుపాకి పట్టుకుని దగ్గరికి వెళ్తుండగానే కారు పేలిపోతుంది. బయల్దేరే ముందు చంపనా అని మికాయెల్‌ను అడుగుతుంది కూడా. ఓప్లెవ్ సినిమాలో కారు బోల్తా పడి మార్టిన్ ఇరుక్కుపోతాడు, కాపాడమని బతిమాలతాడు. ఆమె నిలబడి చూస్తుంది. కారు అంటుకుంటుంది. నింపురాలో ఈ మూడింటి మీద జరిగిన వాదన చాలాసేపే సాగింది. ఒక లోకో పైలట్ ఆమెను అస్సలు క్షమించలేదు. ప్రమాదం జరిగిన బండిలో ఉన్నది దొంగా దొరా అని చూడకూడదని ఆయన పట్టు. ఆ రోజు చూసింది నవలను ఉన్నదున్నట్టు తీసిన సినిమా అయి ఉంటే ఆ వాదన పుట్టేదే కాదు. ఓప్లెవ్ మూలం నుంచి తప్పుకున్న చోటే సినిమాకు ప్రాణం వచ్చిందని నేననుకుంటాను. ఫించర్ ఆమె చేత అనుమతి అడిగించడం మాత్రం నాకు మింగుడు పడలేదు. నూమీ రాపాస్ లిస్బెత్ ఎవరినీ ఏదీ అడగదు.

ఇక ఖరగ్‌పూర్‌లో మాత్రమే వినగలిగే మాట ఒకటుంది. ఈ ఊరికి నేరం తెరమీద చూసి తెలుసుకోవలసిన వస్తువు కాదు. రైల్వే తుక్కు వేలాల చుట్టూ ముఠాల పోరు ఏళ్ళ తరబడి నడిచింది. 2017 జనవరిలో న్యూ సెటిల్‌మెంట్‌లో ఒక పార్టీ ఆఫీసులోనే కాల్పులు జరిగి మనుషులు పోయారు. అలాంటి ప్రతి సంగతిలోనూ ఎవరు చేయించారన్నది పేపర్లో రాకముందే టీ కొట్టు దగ్గర చెప్పేస్తారు. నిజమో కాదో వేరే సంగతి. కోర్టులో నిలిచిందా లేదా అన్నది ఇంకో సంగతి. ఫిట్టరుగారు నవ్వుతూ అన్నది ఇదీ: "మీ స్వీడన్ వాళ్ళు ఎవడు సేసేడో ఎతుకుతారు. మాకిక్కడ ఎవడు సేసేడో ముందే తెలుసు. ఎవులు సెప్తారన్నదే మిస్టరీ."

ఆయన హాస్యానికి అన్నా, సినిమా నిజంగా అక్కడికే వస్తుంది. వాంగెర్ కుటుంబం ఉన్న హెడెబీ దీవిలో ఒక్కొక్కరు ఒక్కో ముక్క చూశారు. ఇంట్లో అన్నదమ్ములు నాజీలని తెలుసు. గాట్‌ఫ్రీడ్ తాగుబోతని తెలుసు. అనితకైతే మొత్తం తెలుసు. నలభై ఏళ్ళు ఎవరూ నోరెత్తలేదు, ఎవరి భోజనం వాళ్ళు చేశారు. బయటి లోకంలోనూ అదే తంతు. ఐకియా స్థాపకుడు ఇంగ్వార్ కాంప్రాడ్ కుర్రతనంలో స్వీడిష్ ఫాసిస్టు నాయకుడి వెంట తిరిగాడని 1994లో గానీ పేపర్లకెక్కలేదు. లార్సన్ కోపమంతా ఈ మర్యాదస్తుల మౌనం మీదే. పత్రికలో రాస్తే కొద్దిమందే చదివారు. అదే కోపాన్ని థ్రిల్లర్‌లో పెడితే లోకమంతా చదివింది. సినిమా కూడా అంతే. పది కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. 2011లో ఇంగ్లీషేతర చిత్రాల్లో బాఫ్టా గెలిచింది.

మౌనం అన్న మాట రాగానే తగువు హారియెట్ మీదికి మళ్ళింది. నవలలో ఈ తగువు లిస్బెత్‌దే. హారియెట్ ఆనాడే నోరు విప్పి ఉంటే తర్వాత చచ్చిపోయిన ఆడవాళ్ళు బతికేవాళ్ళు కదా అన్నది ఆమె కోపం. మికాయెల్ ఒప్పుకోడు. తండ్రి చేతిలో, అన్న చేతిలో నలిగిన పిల్ల అది, పారిపోయి ప్రాణం దక్కించుకుంది, ఇంకేం చెయ్యమంటావంటాడు. మథురాకాటిలో ఈ ఇద్దరి వాదనా అత్తాకోడళ్ళు పంచుకున్నారు. హారియెట్ ఏటేటా చినతాత పుట్టినరోజుకి ఎండబెట్టిన పువ్వు ఒకటి ఫ్రేము కట్టి పంపుతుంది, తాను బతికే ఉన్నానని చెప్పడానికి. ముసలాయన అది హంతకుడు తనను ఏడిపించడానికి పంపుతున్నాడనుకుంటాడు. కోడలు అక్కడ పట్టుకుంది.

"ఏటేటా పువ్వు పంపింది గదత్తా. ఆ పువ్వుతోపాటు ఒక్క చీటీ పెట్టలేకపోయిందా? మా అన్న ఇలాటోడని ఒక్క ముక్క."

అత్త వంటగది గుమ్మంలో నిలబడే చెప్పారు. ఆ ఘట్టాలు చూడలేక లేచి వెళ్ళిన పెద్దావిడ ఈవిడే. "చీటీ ఎవులింటికెల్తాదే? ఆడున్న ఇంటికే గదా. ముసిలోడు సదువుకున్నాడనుకో, ఆ రాత్రి బల్ల కాడ ఆడి పక్కనే కూకోవాల."

"అయితే పోలీసులకి రాయాలి."

"ఆ పోలీసాయనా ముసిలోడి ఇంట్లోనే కూకుని కాఫీ తాగుతున్నాడు. సూడనేదా?"

చూడకపోవడమేం, సినిమాలో పాత కేసు నడిపిన ఇన్‌స్పెక్టరు హెన్రిక్‌కు స్నేహితుడే. కోడలికి అది చాలలేదు. ఆస్ట్రేలియా వెళ్ళాక కూడా భయమేమిటని ఆమె పట్టు. రెండో భాగం పెట్టబోతే ముందు ఈ సంగతి తేల్చమని రిమోట్ మనవడి చేతిలోంచి లాక్కుంది.